స్టేబుల్‌కాయిన్ ప్రాజెక్టు టోకెన్ కొనేముందు ధరను, లిస్టింగ్ వార్తను ఎలా చదవాలి

కడపలో ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసిపెట్టడం నా పని. ఒకప్పుడు నా టేబుల్ మీదకు జీతం సర్టిఫికెట్లు, అద్దె లెక్కలు, ఎఫ్‌డీ వడ్డీ కాగితాలు వచ్చేవి. ఇప్పుడు జూలై వచ్చిందంటే ఫోన్లో క్రిప్టో ఎక్స్ఛేంజీ స్టేట్‌మెంట్లు చూపించేవాళ్లు ఎక్కువయ్యారు. ప్రొద్దుటూరు నగల దుకాణాల్లో లెక్కలు రాసే కుర్రాళ్లు, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేసేవాళ్లు, యోగి వేమన యూనివర్సిటీలో పీజీ చదివే పిల్లలు. ఆ స్టేట్‌మెంట్లలో మళ్లీ మళ్లీ కనబడేది ఒకటే. టోకెన్ ఏదో పెద్ద ఎక్స్ఛేంజీలో లిస్టయిన, అంటే అమ్మకానికి వచ్చిన, రోజే కొన్నారు, నెల తిరక్కముందే సగం ధరకు అమ్మేశారు.

ఈమధ్య అలాంటి టోకెన్లలో చాలావరకు స్టేబుల్‌కాయిన్ (ధరను డాలర్ దగ్గర నిలబెట్టే క్రిప్టో నాణెం) ప్రాజెక్టులవే. 2025 జూన్‌లో యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్‌ను నడిపే సర్కిల్ కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలోకి వచ్చింది. జూలై 18న అమెరికాలో స్టేబుల్‌కాయిన్ల చట్టం మీద సంతకం అయింది. దాంతో ఆ రంగంలో ఉన్న ప్రతి టోకెన్‌కీ గిరాకీ వచ్చిపడింది. "డాలర్‌తో ముడిపడిన ప్రాజెక్టు సార్, పడదు" అని నాకే చెబుతున్నారు. పడుతుంది. ఎందుకు పడుతుందో, కొనేముందు మీరే ఎలా చూసుకోవాలో వరసగా చెబుతాను.

ముందు, కొంటున్నది ఏదో తేల్చుకోండి

యూఎస్‌డీటీ, యూఎస్‌డీసీ, డాయ్, యూఎస్‌డీఈ లాంటివి ఒక డాలర్ దగ్గర నిలబడటానికి తయారైన నాణేలు. వాటి ధర పెరిగి లాభం రావడమన్నది ఉండదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో "పది రెట్లు" అని ఊరించేది వాటిని కాదు. ఆ నాణేలను నడిపే ప్రాజెక్టు విడిగా విడుదల చేసే టోకెన్‌ని. యూఎస్‌డీఈని నడిపే ఎథీనా ప్రాజెక్టుకు ఈఎన్ఏ ఉంది. డాయ్‌ని తెచ్చిన మేకర్, ఇప్పటి పేరు స్కై, దానికి స్కై టోకెన్ ఉంది. యూఎస్‌డీటీ పంపుకోవడానికే కట్టిన ప్లాస్మా బ్లాక్‌చెయిన్‌కు ఎక్స్‌పీఎల్, యూఎస్‌డీ1 తెచ్చిన వరల్డ్ లిబర్టీ ఫైనాన్షియల్‌కు డబ్ల్యూఎల్ఎఫ్ఐ.

యాప్‌లో టోకెన్ పేజీ తెరిచి ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనికి ఇంత ధర ఇస్తామని ఎవరైనా మాటిచ్చారా? యూఎస్‌డీసీకి సర్కిల్ ఇచ్చింది, వెనకాల నిల్వలు పెట్టింది. ఈఎన్ఏకి ఎవరూ ఇవ్వలేదు. ఓటు హక్కు, ప్రాజెక్టు ఎదుగుతుందన్న ఆశ, ఇవి రెండే మీ చేతికొస్తాయి. స్కై లాంటి కొన్నింటిలో మిగులు ఆదాయంతో మార్కెట్లో టోకెన్లు తిరిగి కొనే పద్ధతి ఉంది. అది ఉన్నదానికీ లేనిదానికీ తేడా చాలా ఉంది, ప్రాజెక్టు వెబ్‌సైటులో వెతికి చూడండి.

ఈ తేడా తెలియక జరిగిన నష్టాల్లో అన్నిటికన్నా పెద్దది టెర్రా. యూఎస్‌టీ అనే స్టేబుల్‌కాయిన్‌ను డాలర్ దగ్గర నిలబెట్టే భారం లూనా అనే టోకెన్ మీద పెట్టారు. యూఎస్‌టీ తెచ్చిచ్చిన వాళ్లకు డాలర్ విలువైన లూనా కొత్తగా ముద్రించి ఇచ్చేవాళ్లు. యూఎస్‌టీ దాచుకుంటే ఏడాదికి దాదాపు 20 శాతం, అంటే మన లెక్కలో నూటికి నెలకు రూపాయిన్నర పైన వడ్డీ ఇచ్చారు. 2022 ఏప్రిల్ మొదట్లో లూనా 119 డాలర్లు దాటింది. మే నెలలో జనం ఒక్కసారిగా యూఎస్‌టీ వదిలించుకోవడం మొదలుపెట్టగానే లూనా ముద్రణ ఆగలేదు. సుమారు 35 కోట్లు ఉన్న లూనాలు వారం రోజుల్లో 6.5 లక్షల కోట్లయ్యాయి, ధర సెంటులో వెయ్యో వంతుకన్నా కిందికి పోయింది. దాన్ని నడిపిన డో క్వాన్ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. డబ్బు పోగొట్టుకున్న వాళ్లకు అది ఊరట కాదు.

అందుకని ఏ టోకెన్ చూసినా, నాణెం డాలర్ కిందికి జారినప్పుడు ఆ లోటు ఎవరు పూడుస్తారని అడగండి. టోకెనే పూడుస్తుందంటే దాని దగ్గరికి పోకండి. నా మాటల్లో ఇది ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు.

తర్వాత, టోకెన్లు ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టండి

"ఇది ఆరు రూపాయలే సార్, చవక" అని ఒకబ్బాయి చెప్పాడు. ఒక్క టోకెన్ ధర చూసి చవకో ఖరీదో చెప్పలేం. మేకర్ ప్రాజెక్టు 2024లో పేరు మార్చుకున్నప్పుడు ఒక పాత ఎంకేఆర్ టోకెన్‌కు 24,000 కొత్త స్కై టోకెన్లు ఇచ్చింది. పాతది వేల డాలర్లు, కొత్తది కొన్ని సెంట్లు. ప్రాజెక్టు మాత్రం అదే, విలువా అదే.

టోకెన్ల వివరాలు చూపే కాయిన్‌గెకో లేదా కాయిన్‌మార్కెట్‌క్యాప్ సైటు తెరిచి రెండు అంకెలు రాసుకోండి. ఇప్పుడు చలామణిలో ఉన్న టోకెన్లు ఎన్ని, చివరికి మొత్తం ఎన్ని అవుతాయి. ఈఎన్ఏ మొత్తం 1,500 కోట్లు. 2024 ఏప్రిల్ 2న మార్కెట్లోకి వచ్చినప్పుడు చలామణిలో ఉన్నవి 142.5 కోట్లు, అంటే 9.5 శాతం. తొమ్మిది రోజులకు ధర 1.52 డాలర్లకు చేరింది. ఆ ధరకు చలామణిలో ఉన్న టోకెన్ల విలువ సుమారు 217 కోట్ల డాలర్లు. మొత్తం టోకెన్లకూ అదే ధర కడితే 2,280 కోట్ల డాలర్లు. ఆ రోజు 1.52 పెట్టి కొన్నవాళ్లు, ఇంకా బయటికి రాని 90 శాతం టోకెన్లకు కూడా రేపు అదే ధరకు కొనేవాళ్లు ఉంటారని నమ్మినట్టే. సెప్టెంబరు మొదటికి ఈఎన్ఏ 20 సెంట్ల దగ్గరికి దిగింది.

రాని ఆ టోకెన్లు ఎవరి దగ్గర ఉన్నాయి, ఎప్పుడు విడుదలవుతాయి అన్నది మూడో అంకె. దీన్ని అన్‌లాక్ అంటారు. టోకెనామిస్ట్ లాంటి సైట్లలో తేదీలతో సహా ఉంటుంది. ఈఎన్ఏలో ప్రాజెక్టు కట్టినవాళ్లకు 30 శాతం, పెట్టుబడిదారులకు 25 శాతం కేటాయించారు. మొదటి ఏడాది తాళం, ఆ తర్వాత నాలుగో వంతు ఒకేసారి, మిగతాది మూడేళ్లపాటు నెలనెలా. అంటే 2028 దాకా ప్రతి నెలా కొత్త సరుకు దిగుతూనే ఉంటుంది. మన యార్డుకు కొత్త పసుపు ఒకేసారి దిగిన వారం ధర ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద అన్‌లాక్ రాబోయే నెల రోజుల్లో ఉందంటే, అది దాటేదాకా ఆగి కొనడం మంచిదని నా అభిప్రాయం.

లిస్టింగ్ వార్తను చదవడం

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి దీన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం.

లిస్టింగ్ అన్న మాట కింద నాలుగు వేర్వేరు సంగతులు ఉంటాయి. అసలు టోకెన్ పుట్టిన రోజే మొదటి ఎక్స్ఛేంజీల్లోకి రావడం ఒకటి. ఇప్పటికే ఎక్కడో నడుస్తున్న టోకెన్‌ను ఇంకో పెద్ద ఎక్స్ఛేంజీ చేర్చుకోవడం రెండోది. ఫ్యూచర్స్‌లో, అంటే రాబోయే ధర మీద పందెం కాసే ఒప్పందాల్లో, మాత్రమే పెట్టడం మూడోది. మన దేశపు యాప్‌లో రూపాయల్లో దొరకడం నాలుగోది. వీటన్నిటికీ గ్రూపుల్లో ఒకే రకం రాకెట్ బొమ్మలు పెడతారు, ధర మీద ప్రభావం మాత్రం ఒక్కోదానిది ఒక్కో తీరు.

పుట్టిన రోజు లిస్టింగ్‌లో మీకు అమ్మేది ఎవరో చూడండి. ఈఎన్ఏ వచ్చిన రోజు 75 కోట్ల టోకెన్లు పాత వాడకందారులకు ఉచితంగా పంచారు. బినాన్స్ ఎక్స్ఛేంజీ లాంచ్‌పూల్‌లో, అంటే అక్కడ నాణేలు కట్టిపెట్టినవాళ్లకు, మరో 30 కోట్లు పంచారు. వాళ్లు రూపాయి పెట్టి కొనలేదు, ఏ ధరకు అమ్మినా లాభమే. ప్లాస్మా ఎక్స్‌పీఎల్‌ను ముందస్తు అమ్మకంలో 5 సెంట్లకు ఇచ్చారు. 2025 సెప్టెంబరు 25న మార్కెట్లోకి వచ్చి, మూడు రోజుల్లో 1.68 డాలర్లకు వెళ్లింది. అక్టోబరు చివరికి 40 సెంట్ల కిందికి దిగింది. 5 సెంట్లకు కొన్నవాళ్లకు అప్పటికీ డబ్బు ఎన్నో రెట్లు. డాలరున్నరకు కొన్న మనవాళ్లకు మాత్రం నాలుగింట మూడొంతుల దాకా పోయింది. డబ్ల్యూఎల్ఎఫ్ఐ కూడా అంతే. మొదట్లో ఒకటిన్నర సెంటుకు, తర్వాత 5 సెంట్లకు అమ్మిన టోకెన్ 2025 సెప్టెంబరు 1న 30 సెంట్ల చుట్టూ మొదలై, కొద్ది రోజుల్లోనే 20 సెంట్ల కిందికి వచ్చింది.

అందుకే పుట్టిన రోజు కొనకండి. కనీసం రెండు వారాలు ఆగమని నేను చెబుతాను. ఆగినంత మాత్రాన లాభం ఖాయమని కాదు. ఈఎన్ఏని రెండు వారాలు ఆగి కొన్నవాళ్లు కూడా 2024 సెప్టెంబరుకు పెద్ద నష్టంలోనే ఉన్నారు. కానీ ఆ రెండు వారాల్లో ఉచితంగా వచ్చిన టోకెన్లు చాలావరకు చేతులు మారతాయి, ధర ఏ మేరకు ఊగుతుందో మీకు కనబడుతుంది, మీ ఆవేశం కూడా తగ్గుతుంది.

రెండో రకం, అంటే ఇంకో ఎక్స్ఛేంజీలో చేరడం, నిజంగానే ధరను కదిలిస్తుంది. దక్షిణ కొరియా ఎక్స్ఛేంజీ అప్‌బిట్ అక్కడి కరెన్సీలో ఏదైనా టోకెన్ చేర్చినప్పుడు ధర గంటల్లో పైకి దూకడం మామూలే, 2025 జూలైలో ఈఎన్ఏకి కూడా అలాగే జరిగింది. కొరియాలో చిన్న మదుపరులు అంత ఎక్కువ, అంత చురుకు. అయితే ఆ ప్రకటనను కంప్యూటర్ ప్రోగ్రాములు సెకను లోపలే చదివి కొనేస్తాయి. మీ వాట్సాప్‌కు వచ్చేసరికి ఆ పెరుగుదల అయిపోయి ఉంటుంది. కొన్నిసార్లు ప్రకటనకు ముందే తెలిసినవాళ్లు కూడా ఉంటారు. అమెరికా ఎక్స్ఛేంజీ కాయిన్‌బేస్‌లో పనిచేసిన ఒక మేనేజరు రాబోయే లిస్టింగుల సమాచారం సొంత తమ్ముడికి, స్నేహితుడికి చేరవేసినందుకు 2023లో అమెరికా కోర్టు రెండేళ్ల జైలు శిక్ష వేసింది.

మీరు చేయాల్సింది ఇది. వార్త కనబడగానే కొనే బటన్ దగ్గరికి కాకుండా ఆ ఎక్స్ఛేంజీ సొంత ప్రకటనల పేజీకి వెళ్లండి. స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి, దాన్ని ఎవరైనా తయారుచేయొచ్చు. ప్రకటన అక్కడ ఉంటే, వచ్చిన గంటా నిమిషమూ రాసుకోండి. అది చాలాసార్లు వేరే దేశపు సమయంలో ఉంటుంది, మన సమయానికి మార్చుకోండి. ఆ తర్వాత చార్టును 15 నిమిషాల కొలతలో పెట్టి మూడు ధరలు చూడండి: ప్రకటనకు రెండు రోజుల ముందు, ప్రకటన నిమిషాన, ఇప్పుడు. ప్రకటన తర్వాత ఇప్పటికే 15, 20 శాతం ఎక్కి ఉంటే ఆ రోజుకు ఫోన్ పక్కన పెట్టేయండి. ప్రకటనకు ముందు రెండు రోజుల్లోనే ఎక్కి ఉంటే, వార్త ఎవరికో ముందే తెలుసని అనుమానించాలి. అమ్మడానికి వాళ్లు మీకోసమే ఎదురుచూస్తుంటారు.

మన దేశపు యాప్‌లోకి రావడం మంచి సంగతే, కొనడం సులువవుతుంది. కానీ దానివల్ల ప్రపంచ ధర కదలదు. "ఇండియాలో లిస్టయింది, ఇక రాకెట్టే" అన్న మాటకు అర్థం లేదు.

ఇక, ఏ ఎక్స్ఛేంజీలోనూ లేకుండా "త్వరలో లిస్టవుతుంది, ఇప్పుడు కొంటే పది రెట్లు" అంటూ హోటల్ హాల్లో మీటింగ్ పెట్టి, మీ కింద ఇద్దర్ని చేర్చమనేవాటి గురించి. అది గొలుసుకట్టు మోసం. తెలిసినవాళ్లు పిలిచారని మొహమాటపడి కూడా వెళ్లకండి.

రూపాయల్లో కనబడే ధరను విప్పి చూడండి

యాప్‌లో టోకెన్ 45 రూపాయలని చూపిస్తే, అందులో రెండు ధరలు కలిసి ఉంటాయి. ఒకటి టోకెన్‌కు డాలర్లలో ఉన్న ధర. రెండోది మన దేశంలో యూఎస్‌డీటీకి ఉన్న ధర. బ్యాంకు డాలర్ రేటు కన్నా మన ఎక్స్ఛేంజీల్లో యూఎస్‌డీటీ సాధారణంగా కాస్త ఎక్కువకే ఉంటుంది.

ఉదాహరణకు టోకెన్ ధర అర డాలర్, బ్యాంకు రేటు 86 రూపాయలు అనుకుందాం. లెక్క ప్రకారం 43 రూపాయలు. కానీ యాప్‌లో యూఎస్‌డీటీ 90 నడుస్తుంటే టోకెన్ 45 చూపిస్తుంది. మీరు కొన్నాక టోకెన్ డాలర్ ధర అర డాలరే ఉండి, యూఎస్‌డీటీ మాత్రం 87కు దిగితే మీ టోకెన్ 43.50 అవుతుంది. టోకెన్ కదలకుండానే మూడు శాతానికి పైగా పోయింది. కాబట్టి కొనే రోజు ఈ మూడూ రాసుకోండి: టోకెన్ డాలర్ ధర, యూఎస్‌డీటీ రూపాయి ధర, బ్యాంకు డాలర్ రేటు. చివరి రెంటి మధ్య తేడా మామూలుకన్నా బాగా పెరిగి ఉంటే ఆ రోజు కొనకండి.

అదే పేజీలో ఆర్డర్ బుక్ కూడా చూడండి. కొనేవాళ్లు ఇస్తామనే ధరకు, అమ్మేవాళ్లు అడిగే ధరకు మధ్య ఒక శాతం మించి తేడా ఉంటే అక్కడ సరైన వ్యాపారం జరగడం లేదని అర్థం. అలాంటి చోట మార్కెట్ ఆర్డర్, అంటే ఎంతకు దొరికితే అంతకు కొనమని, వేశారంటే ఏ ధరకు తగులుతుందో చెప్పలేం. ఎప్పుడూ లిమిట్ ఆర్డరే వేయండి, మీ ధర మీరే రాయండి. దొరక్కపోతే పోనీ.

ఎక్కడ కొనాలి, ఎంత పెట్టాలి

2023 మార్చి నుంచి మన దేశంలో క్రిప్టో వ్యాపారం మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చింది. ఎక్స్ఛేంజీలు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు చేసుకోవాలి. నమోదు కాని విదేశీ ఎక్స్ఛేంజీలకు ఆ ఏడాది డిసెంబరులో నోటీసులు వెళ్లాయి, తర్వాతి నెలలో వాటి యాప్‌లు ఆగిపోయాయి. బినాన్స్ 2024లో నమోదు చేసుకుంది, దానికి 18.82 కోట్ల రూపాయల జరిమానా కూడా పడింది. నమోదు అయిన చోటే ఖాతా తెరవండి. అయితే నమోదు అంటే మీ డబ్బుకు గ్యారంటీ కాదు. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్నట్టు బీమా ఇక్కడ లేదు. 2024 జూలై 18న మన దేశపు ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగిలించారు. అది మళ్లీ తెరుచుకున్నది 2025 అక్టోబరులో. అంతకాలం డబ్బు అందులోనే ఇరుక్కుపోయింది.

ఖాతా తెరిచేముందే అడగండి: కొన్న టోకెన్‌ను బయటి వాలెట్‌కు పంపుకోనిస్తారా? కొన్ని యాప్‌లు కొననిస్తాయి, అమ్మనిస్తాయి, బయటికి మాత్రం పంపనివ్వవు.

ఎంత పెట్టాలన్నది మీ ఇంటి లెక్క. చిట్టీ పాడిన డబ్బు, పిల్లల ఫీజు, బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు మాత్రం దీంట్లో పెట్టకండి. పెట్టదలచుకున్న మొత్తాన్ని మూడు భాగాలు చేసి, కొన్ని వారాల తేడాతో కొనండి. మొదటి భాగం కొన్నాక వచ్చే టెన్షన్ ఎలా ఉందో చూసుకుని రెండోదానికి వెళ్లండి.

కువైట్‌లో ఉన్న మనవాళ్ల గురించి కూడా చెప్పాలి, మన వైపు అక్కడ పనిచేసేవాళ్లు లేని ఊరు లేదు. "డబ్బు యూఎస్‌డీటీలో పంపిస్తే రేటు బాగా వస్తుంది" అని కొందరు మధ్యవర్తులు చెబుతున్నారు. కువైట్‌లో క్రిప్టోతో చెల్లింపులు, పెట్టుబడులు 2023 జూలై నుంచి నిషేధం. అక్కడ పట్టుబడితే ఉద్యోగం, వీసా రెండూ చిక్కుల్లో పడతాయి. ఇక్కడ ఆ యూఎస్‌డీటీని ముక్కూమొహం తెలియనివాళ్లకు పీ2పీలో, అంటే మనిషికి మనిషి నేరుగా, అమ్మితే, మీ ఖాతాలో పడే రూపాయలు ఏ సైబర్ మోసం నుంచి వచ్చాయో మీకు తెలియదు. ఎక్కడో ఫిర్యాదు నమోదవుతుంది, ఇక్కడ మీ బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. డబ్బును బ్యాంకు ద్వారానో, మామూలు మనీ ఎక్స్ఛేంజీ ద్వారానో పంపమనండి. మీరే మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కొన్న తర్వాత ఏం గమనించాలి

రోజూ టోకెన్ ధర చూడటంకన్నా, వారానికోసారి ఆ ప్రాజెక్టు స్టేబుల్‌కాయిన్‌ను చూడండి. డెఫీలామా సైటులో ప్రతి స్టేబుల్‌కాయిన్ మొత్తం సరఫరా కనబడుతుంది. సరఫరా పెరుగుతోందంటే జనం ఆ నాణేన్ని వాడుతున్నారు, ప్రాజెక్టుకు ఆదాయం ఉంది. తగ్గుతోందంటే డబ్బు వెనక్కి తీసుకుంటున్నారు. యూఎస్‌డీఈ సరఫరా 2025 అక్టోబరు మొదట్లో 1,400 కోట్ల డాలర్లు దాటి ఉండేది, తర్వాతి వారాల్లో బాగా పడింది, ఈఎన్ఏ కూడా దాంతోపాటే దిగింది.

అలాగే నాణెం ధర. ఒక సెంటు అటూఇటూ ఊగడం మామూలే. అంతకన్నా జారితే కారణం కనుక్కోండి. 2023 మార్చిలో యూఎస్‌డీసీ 87 సెంట్ల దాకా పడింది. దాని నిల్వల్లో 330 కోట్ల డాలర్లు మూతపడిన సిలికాన్ వ్యాలీ బ్యాంకులో ఉన్నాయి. డిపాజిట్లకు అమెరికా ప్రభుత్వం హామీ ఇవ్వగానే కోలుకుంది. 2025 అక్టోబరు 10న, మనకు 11వ తేదీ తెల్లవారుజామున, మార్కెట్ మొత్తం కుప్పకూలినప్పుడు యూఎస్‌డీఈ బినాన్స్‌లో 65 సెంట్ల దాకా పడింది. అదే సమయంలో వేరే చోట్ల డాలర్‌కు దగ్గర్లోనే ఉంది. అంటే లోపం ఆ ఒక్క ఎక్స్ఛేంజీ ఆర్డర్ బుక్‌లో ఉంది, నాణెం నిల్వల్లో కాదు. మీరు కూడా ఒక యాప్‌లో భయంకరమైన ధర కనబడగానే కంగారుపడి అమ్మకుండా మరో రెండు చోట్ల చూడండి.

ఆ రాత్రి ఒక్క రోజులో సుమారు 1,900 కోట్ల డాలర్ల అప్పు పందేలు తుడిచిపెట్టుకుపోయాయి. తమ డబ్బుతో కొని పెట్టుకున్నవాళ్లు ధర పడటం చూశారు, మర్నాడు కొంత కోలుకోవడమూ చూశారు. లెవరేజీతో, అంటే అప్పు తీసుకుని, ఫ్యూచర్స్ ఆడినవాళ్లు నిద్ర లేచేసరికి ఖాతా ఖాళీ. ఫ్యూచర్స్ జోలికి వెళ్లకండి.

పన్ను లెక్క కొనేముందే వేసుకోండి

క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్. బేసిక్ మినహాయింపు దీనికి వర్తించదు, మీ జీతం తక్కువైనా ఇది కట్టాల్సిందే. అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ పోతుంది. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు.

లెక్కలో చూద్దాం. 20,000 పెట్టి కొన్న ఒక టోకెన్‌ను 26,000కు అమ్మారు, లాభం 6,000. పన్ను 1,800, సెస్ 72, మొత్తం 1,872. అదే ఏడాది ఇంకో టోకెన్‌లో 6,000 పోయింది. మీ చేతిలో మిగిలింది సున్నా, కట్టాల్సిన పన్ను 1,872. చాలామంది ఈ లెక్క నా టేబుల్ దగ్గరే మొదటిసారి వింటారు, వాళ్ల మొహాలు చూడలేను. లిస్టింగ్ వార్తల వెంటపడి ఏడాదిలో పదిరకాల టోకెన్లు కొని అమ్మేవాళ్లకు ఈ నిబంధన ఎంత దెబ్బో అర్థమైంది కదా.

ఇంకో సంగతి. టోకెన్‌ను నేరుగా రూపాయల్లో కొనే వీలుంటే అలాగే కొనండి. యూఎస్‌డీటీ కొని, దాంతో టోకెన్ కొని, మళ్లీ యూఎస్‌డీటీకి మార్చి, చివరికి రూపాయలు చేసుకుంటే ఒక అమ్మకానికి బదులు మూడు అమ్మకాలవుతాయి. మూడుసార్లు ఒక్కో శాతం టీడీఎస్ పోతుంది. రిటర్నులో సర్దుబాటు అవుతుంది నిజమే, అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. ప్రతిసారీ ఫీజు, ఫీజు మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఆ ఫీజును అమ్మిన ధరలోంచి ఖర్చుగా తీసేయనివ్వరు.

ఐటీఆర్ 1, ఐటీఆర్ 4 ఫారాలు పనికిరావు. ఐటీఆర్ 2 గానీ, వ్యాపారమైతే ఐటీఆర్ 3 గానీ వేసి, అందులో క్రిప్టో లెక్క రాసే షెడ్యూల్ వీడీఏలో ప్రతి అమ్మకాన్నీ కొన్న తేదీ, అమ్మిన తేదీ, ధరలతో నింపాలి. ఫారం 26ఏఎస్‌లో కనబడే టీడీఎస్‌కూ మీ లెక్కకూ తేడా వస్తే నోటీసు వస్తుంది. మార్చి 31 దాటగానే ఎక్స్ఛేంజీ నుంచి ఏడాది స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి, ఫోన్లో ఒకచోట, మెయిల్‌లో ఒకచోట పెట్టుకోండి. యాప్ ఆగిపోయిందంటే ఆ కాగితం మళ్లీ ఎక్కడా దొరకదు.